గిడుగు రామమూర్తి విద్యాభ్యాసం, ఉపాధ్యాయ జీవితం

గిడుగు వెంకట రామమూర్తి (1863 ఆగష్టు 29 - 1940 జనవరి 22) తెలుగు వ్యావహారిక భాషోద్యమానికి సారథ్యం వహించిన భాషావేత్త. వృత్తి రీత్యా ఇతడు చరిత్ర ఉపాధ్యాయుడు. మెట్రిక్యులేషన్ తరువాత కళాశాలలో చేరే అవకాశం లేక పదిహేడేళ్ళ వయసులో బడిపంతులు ఉద్యోగంలో చేరాడు. ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలకు ఆ ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివాడు. శాసన లిపులను, సవర భాషను, భాషాశాస్త్రాన్ని ఏ విద్యాలయంలోనూ చేరకుండా స్వయంకృషితో అభ్యసించాడు. రామమూర్తి విద్యాభ్యాసం సాగిన తీరు, అది ఆయన బోధనను, భాషా దృక్పథాన్ని మలచిన విధం ఈ వ్యాసంలోని విషయం.

బాల్యం, ప్రాథమిక విద్య

రామమూర్తి శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార నదీతీరంలో, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలో ఉన్న పర్వతాలపేట గ్రామంలో జన్మించాడు. అప్పట్లో ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. తండ్రి వీర్రాజు రెవెన్యూ ఉద్యోగి. రామమూర్తి ప్రాథమిక విద్య స్వగ్రామంలోనే జరిగింది.

తండ్రికి చోడవరం బదిలీ అయింది. అక్కడే ఆయన విషజ్వరంతో మరణించాడు. అప్పటికి రామమూర్తి ఇంకా బాలుడే. సంపాదించే మనిషి పోవడంతో కుటుంబం బంధువుల ఆదరణపై ఆధారపడవలసి వచ్చింది. ఆ కాలంలో ఇటువంటి పరిస్థితి ఎదురైన పిల్లల చదువు సాధారణంగా అక్కడితో ఆగిపోయేది. మేనమామ ఆశ్రయం లభించడం వలన రామమూర్తి చదువు కొనసాగింది.

విజయనగరంలో ఉన్నత పాఠశాల విద్య

రామమూర్తి విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివాడు. తరువాతి కాలంలో కన్యాశుల్కం నాటకకర్తగా ప్రసిద్ధి చెందిన గురజాడ అప్పారావు ఇక్కడ ఆయనకు సహాధ్యాయి. ఈ స్నేహం 1915లో గురజాడ మరణించే వరకు కొనసాగింది. మూడు దశాబ్దాల తరువాత వ్యావహారిక భాషోద్యమంలో ఇద్దరూ ఒకే పక్షాన నిలబడ్డారు.

1879లో రామమూర్తి మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. ఆ సంవత్సరమే ఆయనకు వివాహం జరిగింది. పదహారేళ్ళ వయసుకే సంసార భారం మీద పడింది.

ఆనాటి పరీక్షల స్వరూపం

రామమూర్తి విద్యాభ్యాసం ఎందుకు అంత దీర్ఘకాలం సాగిందో తెలియాలంటే ఆనాటి పరీక్షల క్రమం తెలియాలి. 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయం ప్రెసిడెన్సీ అంతటికీ పరీక్షలు నిర్వహించేది. వాటిలో ముఖ్యమైనవి మూడు.

మెట్రిక్యులేషన్: ఉన్నత పాఠశాల చదువు ముగింపులో జరిగే పరీక్ష. విశ్వవిద్యాలయ విద్యకు ఇది ప్రవేశద్వారం. చిన్న ఉద్యోగాలకు, క్రింది తరగతుల ఉపాధ్యాయ పదవులకు ఈ అర్హత సరిపోయేది.

ఎఫ్.ఏ.: కళాశాలలో మొదటి రెండేళ్ళ చదువు తరువాత వ్రాసే పరీక్ష. తరువాతి కాలంలో దీని స్థానంలో ఇంటర్మీడియట్ వచ్చింది.

బి.ఏ.: పట్టపరీక్ష. ఉన్నత తరగతులకు, కళాశాల తరగతులకు బోధించడానికి ఈ పట్టం అవసరమయ్యేది.

కళాశాలలో చేరి చదివే విద్యార్థి మెట్రిక్యులేషన్ తరువాత నాలుగేళ్ళలో పట్టభద్రుడు కాగలడు. గురజాడ అప్పారావు 1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఏ., 1886లో బి.ఏ. ముగించాడు. కళాశాలకు వెళ్ళలేని ఉపాధ్యాయులు ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా ఈ పరీక్షలు వ్రాసేవారు. వారికి పాఠాలు చెప్పేవారు ఉండరు, పుస్తకాలు దొరకడం కష్టం, చదువుకునే సమయం బడి ముగిసిన తరువాతే. అందువలన ఒక్కొక్క పరీక్షకు ఏళ్ళ తరబడి సమయం పట్టేది.

ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశం

1880లో రామమూర్తి పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. జీతం నెలకు ముప్ఫై రూపాయలు. ఫస్టు ఫారంలో చరిత్ర బోధించడం ఆయన పని. ఫస్టు ఫారం నేటి ఆరవ తరగతితో సమానం. అప్పటికి ఉపాధ్యాయుని వయసు పదిహేడేళ్ళు మాత్రమే.

పర్లాకిమిడి అప్పట్లో గంజాం జిల్లాలోని ఒక జమీందారీకి ముఖ్యపట్టణం. తెలుగు, ఒరియా మాట్లాడేవారు కలిసి నివసించే ఊరు. పట్టణానికి సమీపంలోని కొండలలో సవరలు ఉండేవారు. ఈ మూడు భాషల సంగమస్థానంలోనే రామమూర్తి అర్ధ శతాబ్దానికి పైగా నివసించాడు. ఆయన తరువాతి కృషికంతటికీ పునాది ఇక్కడే పడింది.

గమనించవలసిన విషయం ఏమంటే, తెలుగు భాషా బోధనను మార్చడానికి జీవితాంతం పోరాడిన రామమూర్తి తెలుగు పండితుడుగా ఉద్యోగం చేయలేదు. సంప్రదాయ పద్ధతిలో గురువు దగ్గర కావ్యాలు, వ్యాకరణం వల్లించి ఆ తరువాత పంతులు అయిన వర్గానికి చెందినవాడు కాదు. చరిత్ర ఉపాధ్యాయుడు కావడం వలన ఆధారాలు వెతకడం, కాలక్రమాన్ని పరిశీలించడం ఆయనకు అలవాటయ్యాయి. భాష విషయంలోనూ ఇదే పద్ధతిని అనుసరించాడు.

ప్రైవేటుగా ఎఫ్.ఏ., బి.ఏ.

ఉద్యోగంలో చేరిన ఆరేళ్ళకు, 1886లో, రామమూర్తి ఎఫ్.ఏ. పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. బి.ఏ. పట్టం పొందడానికి మరికొన్ని ఏళ్ళు పట్టింది. 1890ల మధ్యకాలంలో చరిత్ర ప్రధాన పాఠ్యాంశంగా బి.ఏ. పూర్తిచేసాడు. అంటే మెట్రిక్యులేషన్ నుండి పట్టం వరకు, కళాశాల విద్యార్థికి నాలుగేళ్ళు పట్టే దూరానికి ఆయనకు దాదాపు పదిహేనేళ్ళు పట్టింది. ఈ కాలమంతా ఆయన పగలు బడిలో పాఠం చెబుతూనే ఉన్నాడు.

రాజావారి ఉన్నత పాఠశాల తరువాత కళాశాలగా అభివృద్ధి చెందింది. బి.ఏ. పట్టం ఉండడం వలన రామమూర్తికి కళాశాల తరగతులకు బోధించే యోగ్యత లభించింది. ఫస్టు ఫారం పిల్లలకు పాఠం చెప్పడంతో మొదలైన ఆయన వృత్తి అదే సంస్థలో కళాశాల విద్యార్థుల వరకు సాగింది.

శాసనాల అధ్యయనం

పర్లాకిమిడికి చేరువలోనే, తాను పుట్టిన ఊరి పక్కనే ఉన్న శ్రీముఖలింగ దేవాలయాలలో అనేక శిలాశాసనాలు ఉన్నాయి. చరిత్ర పాఠం చెప్పే ఉపాధ్యాయునికి ఇవి సహజంగానే ఆసక్తి కలిగించాయి. వాటిని చదవడానికి ప్రాచీన లిపి తెలియాలి. లిపి నేర్పేవారు దగ్గరలో లేరు. రామమూర్తి గ్రంథాలు తెప్పించుకొని తానుగా లిపి నేర్చుకున్నాడు. తరువాత శాసనాల పాఠాలను పరిష్కరించి, కళింగాన్ని పాలించిన గాంగవంశ రాజులను గురించి ఇంగ్లీషులో వ్యాసాలు ప్రచురించాడు.

గాంగరాజుల రాజధాని అయిన కళింగనగరం ఎక్కడ ఉండేది అన్నది అప్పట్లో వివాదాస్పదమైన ప్రశ్న. సముద్రతీరంలోని కళింగపట్నమే ఆ నగరమని కొందరు పండితులు భావించారు. ముఖలింగమే కళింగనగరమని రామమూర్తి శాసనాధారాలతో వాదించాడు. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని ఆయన పరిష్కరించగా, ప్రభుత్వ పురాతత్వశాఖ వెలువరించే ఎపిగ్రాఫియా ఇండికా దానిని ప్రచురించింది.

శాసనాల చదువు రామమూర్తికి చరిత్రతోపాటు మరొక విషయం కూడా తెలిపింది. భాష కాలంతోపాటు మారుతుంది. పాత శాసనాలలోని తెలుగు కావ్యాలలోని తెలుగుకు పూర్తిగా సమానం కాదు. ఒక కాలంలో వాడుకలో ఉన్న రూపాలు మరొక కాలంలో పోతాయి, క్రొత్తవి వస్తాయి. వ్యాకరణ గ్రంథం ఒక కాలపు భాషను నిలిపి చూపగలదే గాని, భాష మారకుండా ఆపలేదు. తరువాతి వాదోపవాదాలలో ఈ అవగాహన ఆయనకు ఎంతో ఉపకరించింది.

సవర భాషాభ్యాసం

పర్లాకిమిడి సమీపంలోని కొండలలో నివసించే సవరల పిల్లలకు చదువు చెప్పాలనే కోరిక రామమూర్తికి ఉద్యోగ జీవితంలోనే కలిగింది. వారికి తెలుగులోనో, ఒరియాలోనో కాక వారి భాషలోనే చెప్పాలని ఆయన భావించాడు. అందుకు ముందుగా తాను ఆ భాష నేర్చుకోవాలి.

సవర భాష ముండా కుటుంబానికి చెందినది. ద్రావిడ భాష అయిన తెలుగుతో గాని, ఆర్యభాష అయిన ఒరియాతో గాని దీనికి పుట్టుక సంబంధం లేదు. ఆ రోజుల్లో ఈ భాషకు లిపి లేదు. తెలుగువాడు నేర్చుకోవడానికి పాఠ్యపుస్తకం, వ్యాకరణం, నిఘంటువు ఏవీ అందుబాటులో లేవు. తెలుగు లిపిలో చూపలేని ధ్వనులు, కంఠంలో ఆగి తెగినట్లు వినిపించే ధ్వని వంటివి, ఇందులో ఉన్నాయి.

తెలుగు, సవర భాషలు రెండూ తెలిసిన ఒక వ్యక్తిని రామమూర్తి ఇంట్లోనే ఉంచుకొని భాష నేర్చుకున్నాడు. కొండలలోని పల్లెలకు వెళ్ళి సవరల మాటలు, పాటలు, కథలు విని వ్రాసుకున్నాడు. ఈ ప్రయాణాలలో మలేరియా సోకి, క్వినైన్ అధికంగా వాడడం వలన ఆయనకు చెవుడు వచ్చిందని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. చెవితో విని భాష నేర్చుకోవలసిన మనిషికి వినికిడి తగ్గడం ఎంత పెద్ద నష్టమో ఊహించవచ్చు. అయినా ఆయన ఈ కృషిని విడిచిపెట్టలేదు.

సవర పాఠశాలలు

భాష వచ్చిన తరువాత రామమూర్తి సవర భాషలో వాచకాలు వ్రాసాడు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు చెల్లించి, సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించే ఏర్పాటు చేసాడు. మాతృభాషలో ప్రాథమిక విద్య అన్న సూత్రం విద్యావిధానాలలో చోటు చేసుకోకముందే ఒక బడిపంతులు తన సంపాదనతో చేసిన ప్రయత్నం ఇది. మద్రాసు ప్రభుత్వం ఈ కృషిని గుర్తించి 1913లో రావు బహద్దరు బిరుదు ఇచ్చింది.

సవర వ్యాకరణం, నిఘంటువు

సవర భాషకు వ్యాకరణం వ్రాయాలంటే వ్యాకరణం వ్రాసే పద్ధతి తెలియాలి. తెలుగు, సంస్కృత వ్యాకరణాల చట్రాలు ఈ భాషకు సరిపోవు. అందువలన రామమూర్తి ఆధునిక భాషాశాస్త్ర గ్రంథాలు, ధ్వనిశాస్త్ర గ్రంథాలు తెప్పించుకొని చదివాడు. ఈ కృషి ఫలితంగా వచ్చిన సవర వ్యాకరణం 1931లో మద్రాసు ప్రభుత్వం ద్వారా వెలువడింది. సవర నిఘంటువు 1930లలో ప్రచురితమైంది. ముండా భాషల అధ్యయనంలో ఇవి నేటికీ ప్రస్తావనకు వచ్చే గ్రంథాలు. కైజర్-ఇ-హింద్ పతకం కూడా ఆయనకు ఈ కాలంలోనే లభించింది.

తెలుగు బోధనపై ప్రశ్న

1907 ప్రాంతంలో జె.ఎ.యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్స్పెక్టరుగా వచ్చాడు. చిన్న తరగతులలో తెలుగు పాఠం చెప్పే తీరు ఆయనకు అర్థం కాలేదు. పండితుడు పద్యానికి గాని, గద్యానికి గాని అర్థం చెప్పేటప్పుడు పుస్తకంలోని మాటకు మరొక పుస్తకపు మాట చెప్పేవాడు. ఆ రెండవ మాట కూడా పిల్లలు ఇంట్లో వినే మాట కాదు. ప్రజలు మాట్లాడే భాషకు, బడిలో నేర్పే భాషకు ఇంత తేడా ఎందుకని యేట్స్ విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాధ్యాపకుడు పి.టి.శ్రీనివాస అయ్యంగారును అడిగాడు. ఈ ప్రశ్నకు గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి సమాధానం చెప్పగలరని ఆయన సూచించాడు.

ఈ నలుగురి కలయికతో పాఠశాలల్లో వ్యావహారిక భాషను ప్రవేశపెట్టాలనే ఉద్యమం ఆరంభమైంది. కనుక ఈ ఉద్యమం పుట్టింది సాహిత్య సభలో కాదు, తరగతి గదిలో. పిల్లవాడు తెలుగులోనే పుట్టి పెరిగి, తెలుగులో నాలుగు వాక్యాలు తప్పు లేకుండా వ్రాయడానికి భయపడడం ఎందుకు అన్నదే మూలప్రశ్న.

రామమూర్తి ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానంలో ఆయన విద్యాభ్యాసపు దశలన్నీ కనిపిస్తాయి. సవర భాషను వాడుక ద్వారా నేర్చుకున్న అనుభవంతో, భాష నోటి నుండి చెవికి వస్తుందని, వ్రాత ఆ తరువాతదని చెప్పాడు. శాసనాలు చదివిన అనుభవంతో, భాష మారుతుందని నిరూపించాడు. చరిత్ర విద్యార్థిగా, ప్రతి వాదానికి పూర్వగ్రంథాల నుండి ప్రయోగాలు చూపించాడు.

1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనల్ పరీక్షలో వ్యాసాన్ని కావ్యభాషలో గాని, ఆధునిక భాషలో గాని వ్రాయవచ్చునని అధికారులు అనుమతి ఇచ్చారు. దీనిపై పండితులలో తీవ్రమైన వ్యతిరేకత వచ్చింది. జయంతి రామయ్య పంతులు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఈ మార్పును ఎదిరించారు. భాషకు ఒక ప్రమాణం ఉండాలని, ప్రాంతానికొక తీరుగా వ్రాస్తే గ్రంథభాష చెడిపోతుందని, ప్రాచీన సాహిత్యం ముందు తరాలకు అందకుండా పోతుందని వారి వాదం. విశ్వవిద్యాలయం నియమించిన సంఘంలో సభ్యుడైన గురజాడ 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించాడు. అయినా ఆ విడత కావ్యభాషా పక్షమే నెగ్గింది.

పదవీ విరమణ అనంతర కృషి

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం పూర్తిచేసి రామమూర్తి 1911లో పదవీ విరమణ చేసాడు. ఆ తరువాతి కాలమంతా ఉద్యమానికే వినియోగించాడు. 1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. దీనికి కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడు. ఆ ఏడాదే రామమూర్తి తెలుగు అనే పత్రికను నడిపాడు.

బాలకవి శరణ్యం, గద్య చింతామణి, ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం ఈ కాలపు ప్రధాన గ్రంథాలు. పూర్వ కవులు, వ్యాఖ్యాతలు కూడా వ్యాకరణ నియమాలను అతిక్రమించి వాడుక రూపాలను ప్రయోగించారని, వ్యావహారికాన్ని ఖండించే పండితుల రచనలలోనే వ్యాకరణ దోషాలు ఉన్నాయని వీటిలో ఉదాహరణలతో చూపించాడు. 1925లో తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో ప్రతిపక్షం వేదికపైనే నాలుగు గంటల పాటు ప్రసంగించి తన వాదాన్ని వినిపించాడు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. ఆ నిర్ణయాన్ని వ్యతిరేకించిన రామమూర్తి యాభై ఆరేళ్ళుగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరాడు. అప్పటికి ఆయన వయసు డెబ్బై రెండేళ్ళు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ గౌరవ పట్టం ఇచ్చింది. ఏ విశ్వవిద్యాలయంలోనూ తరగతిలో కూర్చొని చదువుకోని వ్యక్తికి విశ్వవిద్యాలయం ఇచ్చిన గౌరవం ఇది. 1940 జనవరి 22న మద్రాసులో మరణించాడు. కుమారుడు గిడుగు సీతాపతి కూడా భాషా పరిశోధకుడు.

రామమూర్తి కోరిన మార్పు ఆయన జీవితకాలంలో పత్రికలలో, కథలలో, నవలలలో చాలావరకు వచ్చినా, విద్యాసంస్థలలో రాలేదు. విశ్వవిద్యాలయాల పరీక్షలలోను, పరిశోధన గ్రంథాలలోను వ్యావహారిక భాషకు పూర్తి ఆమోదం లభించడానికి ఆయన మరణం తరువాత మరో మూడు దశాబ్దాలు పట్టింది. ఆయన జన్మదినమైన ఆగష్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

కాలక్రమం

1863 - పర్వతాలపేటలో జననం
1879 - మెట్రిక్యులేషన్, వివాహం
1880 - పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయ ఉద్యోగం
1886 - ప్రైవేటుగా ఎఫ్.ఏ.
1890ల మధ్యకాలం - ప్రైవేటుగా బి.ఏ.
1911 - పదవీ విరమణ
1913 - రావు బహద్దరు బిరుదు
1919 - తెలుగు పత్రిక ప్రారంభం
1931 - సవర వ్యాకరణం ప్రచురణ
1936 - పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరానికి వలస
1938 - కళాప్రపూర్ణ
1940 - మద్రాసులో మరణం

ఇవి కూడా చూడండి

గురజాడ అప్పారావు
కందుకూరి వీరేశలింగం
జయంతి రామయ్య పంతులు
శ్రీముఖలింగం
సవర భాష
తెలుగు భాషా దినోత్సవం